సగం ఎనిమిది

నోటీసు బోర్డు మీద ఒడియాలో రాసి అంటించారు:
శనివారం పన్నెండు గంటలకి,
పరీక్షలో రానివి మాత్రమే.
ఇష్టమైతే రండి. హాజరు లేదు.

ప్లస్ టూ సైన్సులో నూట ఇరవై మందిమి.
కోచింగ్ వ్యాన్లు గేటు దాటాక
పర్లాకిమిడి ఎండలో మిగిలింది తొమ్మిది మందిమి.
అందులో ఇద్దరు వ్యాను తప్పినవాళ్లు.

కూర్మనాథం సారు చెప్పేది తర్కశాస్త్రం.
ఆ రోజు మాత్రం చేతిలో సుత్తి, జేబునిండా మేకులు.
జెండా కర్ర దగ్గరికి నడిపించి
"గంట కొట్టగానే నీడ చివర ఒక మేకు దిగ్గొట్టండి.
వచ్చే శనివారం ఇంకోటి. అంతే కోర్సు" అన్నారు.
"ఎందుకు సార్?" అంది సంబారి, గుమ్మ కొండల పిల్ల.
"తెలిస్తే ఇంటికెళ్లి పడుకుందును కదా!"

జూలైలో నీడే లేదు.
కర్ర దాన్ని కాళ్ల కింద దాచేసుకుంది.
మొదటి మేకు సిమెంటు దిమ్మకి తగిలి వంకర్లు పోయింది.
ఆగస్టంతా మహేంద్రతనయ మీద మబ్బు.
ఎండ రాని శనివారాలని ఖాళీగా వదలమన్నారు.
"ఊహించి కొట్టెయ్యొచ్చు కద సార్,
ఎలాగూ వరసలోనే వస్తాది" అన్నాడు దండాసి.
సారు సుత్తి వెనక్కి దాచుకున్నారు.

ఇంట్లో నాన్న కొమ్ము దువ్వెన సానపడుతూ
తలెత్తకుండా అడిగేవాడు:
"దానికి మార్కులెన్నే?"
"సున్నా నాన్నా."
"ఏటే, ఎండలో నిలబెట్టి సున్నా ఇస్తారా!"
అమ్మ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.
రాత్రి రసాయన సమీకరణాల మధ్య
ఆ సున్నాయే తాటిబెల్లం ముక్కలా
దవడన ఉండిపోయేది.

అక్టోబరుకి తెలిసింది, వరస తిన్నగా లేదు.
ఉత్తరానికి పోతూ పోతూ మేకులు
తూర్పుకి ఒరిగాయి.
గంట కొట్టే సీమాద్రి మీద అనుమానపడ్డాం,
నిద్రమొహం, ఆలస్యంగా కొడుతున్నాడని.
పాపం, రేడియో చెవికి ఆనించుకుని
టంచనుగా కొట్టి చూపించాడు.
మేకు ఇంకాస్త తూర్పుకి జరిగింది.
పోట్లాడాం. మూడు భాషల్లో పోట్లాడాం.
కర్ర వంగిందని ఒకరు, నేల కుంగిందని ఒకరు.
చివరికి సంబారి అంది:
"మా అవ్వ గుంజ నీడ చూసి విత్తుతుంది.
నీడనెప్పుడూ తప్పుపట్టలేదు. గడియారాన్ని అడగండి."

ఆ సాయంత్రం లైబ్రరీ మూసేదాకా కూచున్నాం.
భూమి తిరిగే దారి గుండ్రం కాదట.
కొన్ని నెలలు పరిగెడుతుందట, కొన్ని నెలలు నింపాదట.
సూర్యుడి పన్నెండూ సీమాద్రి పన్నెండూ
ఏడాదిలో నాలుగు రోజులే కలుస్తాయట.
ఎవరూ వెయ్యని ప్రశ్నకి జవాబు దొరికి
జామకాయలు కోసుకున్న దొంగల్లా
గుసగుసలాడుకుంటూ బయటికొచ్చాం.

డిసెంబరు చివర్లో నాన్న వచ్చాడు,
బాకీ వసూలుకి వచ్చినట్టు.
మేకుల చుట్టూ ఒకసారి తిరిగి, గొంతుక్కూచుని
బొటనవేలితో గాల్లో ఆ వంపు దిద్దాడు.
"తిన్నగా ఉండుంటే నమ్మకపోదును.
బతికిన కొమ్ము ఏదీ తిన్నగా పెరగదు."
అక్కడితో ఆగకుండా వేలు వెనక్కి తిప్పి
రాని నెలలన్నీ గీసేశాడు.
ఎవరూ చెప్పకుండానే ఎనిమిది వేశాడు.
సారు జేబులోంచి ఒక మేకు తీసి
ఆయన చేతిలో పెట్టారు.

జనవరిలో ప్రాక్టికల్స్, మోడల్ పేపర్లు.
సుత్తికి తుప్పు.

మార్చి. శనివారం. ఫిజిక్స్ పరీక్ష.
నాది కిటికీ పక్క బెంచి.
సీమాద్రి పన్నెండు కొట్టాడు.
కర్ర నీడ పడమటి వేపు, మేకు లేని మట్టి మీద
చివరంటా చాచి పడుకుని ఉంది.
కలం కింద పెట్టాను.
ఒక్క నిమిషం. లెక్కలోకి రాని నిమిషం.

ఇన్విజిలేటరు దగ్గరికొచ్చి వంగాడు:
"ఏం కావాలమ్మా, అడిషనల్ షీటా?"

"వద్దు సార్. ఒక మేకు."