అరవయ్యొక్క రోజులు

హార్బర్ నిండా ఆనుకున్న బోట్లు. రేపట్నుంచి వేట బంద్.

నల్లనూనె దింపేశాం. డబ్బాలో అది
ఏడాది వేటంతా కాచిన కషాయం.

కూలర్లో ఉప్పు పోయేదాకా
మంచినీళ్లు కొట్టాడు తాతబ్బాయి.
ఇంట్లో బిందెకి కొట్లాట, ఇక్కడ ఇంజనుకి స్నానం
అని వాడే నవ్వాడు.

ఇంపెల్లర్ ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.
రబ్బరు కదా, బిగించి వదిలేస్తే
ముడుచుకున్నట్టే ఉండిపోద్దంట.

ఒక్కో సిలిండర్లో చెంచాడు నూనె;
ఫ్లైవీలు చేత్తో రెండు చుట్లు.
లోపలెక్కడో పిస్టన్ నిద్రలో ఒత్తిగిలింది.

డాల్ఫిన్ కొండ మీది దీపానికి మాత్రం సెలవు లేదు.

సైలెన్సర్ నోట్లో నా పాత లుంగీ కుక్కి
ఇంజను గది తలుపు మీద సుద్దతో రాశాను:
"గుడ్డ తియ్యి. తర్వాతే స్టార్ట్."

జూన్‌లో, నిషేధం విడిచిన రాత్రి
ఆత్రంగా దిగే మనిషికి ఆ మాట.
వాడు నేనే. వాణ్ణి నేను నమ్మను.