రెండు రాత్రుల అప్పు

నవంబరులో పేరు రాయించుకుంటే
జనవరి ఆఖర్న వచ్చింది నా వంతు.
దీవి లైబ్రరీ వాళ్ళ దుర్భిణి,
చేపలబుట్టంత సంచిలో,
రెండు రాత్రుల అప్పు.
"జాగ్రత్త ఉర్వే, పడేయకు" అంది హెల్యు.
ముప్పై ఆరేళ్ళు ఫెర్రీ ఇంజన్లు విప్పి బిగించిన చేతులకు
చెప్పాల్సిన మాటేనా అది?

మొదటి రాత్రి మబ్బు.
బల్ల మీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను.
కన్ను ఆనించడానికి చోటే లేదు దానికి.
చూసే పని దానిదేనట,
నాది చలికి ఓర్చే పని.

రెండో రాత్రి సున్నాకి కింద పదిహేడు.
రేవు పక్క మంచు తొక్కి చదును చేసి
మూడు కాళ్ళూ దిగేశాను.
పుస్తకాల్లో వేటగాడు,
మా అమ్మమ్మ నోట నూర్పిడికర్రా దంతే.
మా హీయుమా నుంచి అవి ఎంతో ఎత్తు ఎక్కవు,
గడ్డకట్టిన సముద్రం మీద, సారెమా వైపు,
ఎవరో పని మధ్యలో ఆనించి వెళ్ళినట్టుంటాయి.

ఫోన్ మీద వేలు పెట్టాను.
గొణుక్కుంటూ తిరిగింది.
చిన్న మోటారు. పళ్ళచక్రం కాస్త పొడిబారింది,
వినబడే చెవికి తెలిసింది.
రెండో చెవిని ఎప్పుడో డీజిల్ తినేసింది.

పది సెకన్లకో చెంచాడు వెలుగు.
మొదట బూడిద.
మళ్ళీ బూడిద.
తర్వాత పాలు తోడుకున్నట్టు
ఎక్కడో ఒక మూల గట్టిపడింది.
చేతిగుడ్డ తీసి చూస్తే వేలు అంటుకుపోతోంది,
అయినా తీశాను.
ఇంజను గది అడుగునీళ్ళలో
నూనె విచ్చుకున్నట్టు రెక్కలు,
మధ్యలో వెల్డింగు చుక్క,
అంచుల్లో, ఇనుము తుప్పుకు లొంగే తొలిరోజు రంగు.

అంతలో లెక్క ఆగిపోయింది.
తీసేసినవి: ఒకటి. నాలుగు. పదకొండు.
తలెత్తితే మంచుబాట మీద హెడ్‌లైట్లు,
నెమ్మదిగా, సూటిగా, నా అద్దంలోకే.
తిట్టుకున్నాను.
మంచు మీద బెల్టు పెట్టుకోకూడదు,
తొందరపడకూడదు,
తొందరపడమని అరిచి లాభమూ లేదు.
నలభై ఒక్క చిత్రాలు పోయాయి.
ఏడు నిమిషాలు.

పశువుల డాక్టరు ఇంబి.
కిటికీ దించింది, లోపల్నుంచి
వెచ్చటి కొట్టం వాసన.
"ఈ వేళప్పుడు ఏం పడుతున్నావ్, చేపలా?"
ఫోన్ చూపించాను.
చాలాసేపు చూసింది, మోచేతి దాకా ఎండిన నెత్తురుతో.
"మాయ" అంది.
నేను సగం చెవితో విని, మాయే మరి అన్నాను.
"ఆ మాయ కాదు. ఆవు మాయ.
ఇప్పుడే ఒకటి చేతులారా తీసి పూడ్చి వస్తున్నా.
ఇదిగో ఈ నరాలూ, ఈ పొరా, అచ్చం అదే."

అందులో చుక్కలు పుడతాయట,
సంచిలో పెట్టిన కాగితం చెప్పింది, అన్నాను.
"అడ్డం తిరిగితే ఎవరు లాగుతారో" అంది,
గేరు వేస్తూ.

దూడ బతికిందా అని అడగలేదు నేను.
ఆమె చెప్పలేదు.
వెనక ఎర్రదీపాలు చెట్ల వెనక్కి పోయేదాకా
దుర్భిణి తీసేస్తూనే ఉంది.
ఆ తర్వాత మళ్ళీ ఒక్కొక్క చెంచా.
జల్లెడ చుక్కలు పడమటికి ఒరిగేసరికి
మూడు వందల పన్నెండు కలిశాయి.
బ్యాటరీ అయిపోయింది. కాళ్ళూ అయిపోయాయి.

పొద్దున్న సంచిలోని చీటీ చదివాను.
నా ముందువాడు రాశాడు:
"గులాబీ దొరకలేదు. చలి."
అంతకు ముందు ఎవరో పిల్ల:
"చంద్రుడు చాలా పెద్దగా వచ్చాడు!!!"

కింద నేను రాశాను:
"ఎడమ కాలి మర వదులుగా ఉంటే బిగించాను.
పళ్ళచక్రానికి చుక్క నూనె వెయ్యాలి,
సన్నది, కుట్టుమిషను నూనె చాలు."

ఇంకో వాక్యం రాయబోయి మానేశాను.
మంచి బొమ్మ హెల్యుకి పంపాను, గోడకి పెట్టుకుంటుందట.
పనికిరాని నలభై ఒకటీ
ఫోన్లో విడిగా దాచుకున్నాను.
వాటిలో ఏమీ లేదు,
తెల్లగా, ఇంకా తెల్లగా,
ఒకరు ఇంటికొస్తున్న వెలుగు.