ఏడో గడి

దరఖాస్తులో ఏడో గడి:
తంత్రీవాద్యంలో పూర్వశిక్షణ. ఎవరి వద్ద, ఎన్నేళ్ళు.
అగ్గిపెట్టంత చోటిచ్చారు.

డిప్లొమా అయిన సంవత్సరం రాశాను.
వయొలిన్, కూర్మనాథం మాస్టారు, పదకొండేళ్ళు.
మూడు లాంతర్లు దాటాక టైలరు కొట్టు మీద మేడ అని
ఎవరూ అడగలేదు కాబట్టి రాయలేదు.
ఇంకా కాస్త జాగా మిగిలింది.
కలం అక్కడ మొండికేసింది.

అక్కడ రాయాల్సిన పేరు జమ్మాన అప్పలసూరి.
మా తాత. గుర్ల దగ్గర ఊరు.
పగలు మామిడితోట కాపలా,
రాత్రి చంకలో జముకు.

జముకు తెలీనివాళ్ళకి ఎలా చెప్పను?
కుంచంలాంటి డొల్ల, ఒక పక్క మేకతోలు,
తోలు నడిమి నుంచి ఒక్కటే నరం.
చంకలో ఇరికించి, నరం కొస పిడికిట బిగించి
రెండో చేత్తో మీటితే
ముందు మూలుగుతుంది,
తర్వాత మనల్ని ఏదో అడుగుతుంది.
తెల్లారేదాకా ఎల్లమ్మ కథ.
వంత మనిషి జ్వరపడిన రాత్రి
ఆరేళ్ళ నన్ను నిలబెట్టారు.
"గుంటా, నరం బిగిస్తే అమ్మోరు, ఒదిలితే మనిసి.
ఎప్పుడేది కావాలో నీ సెయ్యికి తెలవాల. నన్నడక్కు."
అదే పాఠం.
సరళీ వరసల్లేవు, ఫీజు లేదు,
నిద్దరొస్తే మొహాన నీళ్ళు.

పన్నెండో ఏట
నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు దిగి
గోనెపీచు జుట్టులో ఉండగానే
అమ్మ నన్ను ఆ మేడ మెట్లెక్కించింది.
మాస్టారు నా కుడిచేతి వేలు పట్టి చూశారు.
కాయ కాసి ఉంది.
"ఇంతకుముందు ఎవరైనా నేర్పారామ్మా?"
"ఎవరూ లేరండి" అన్నాను.
అమ్మ గోడ మీద కేలండరు చూసింది.
ఆ పూట పాదం మీద వయొలిన్ తల ఆనించి
నా మొదటి షడ్జం తీశాను.
తలుపు సందులో పిల్లి పడ్డట్టుందని నవ్వారాయన.

తొమ్మిదో ఏడనుకుంటా, వానాకాలం.
బిరడాలు జారిపోతున్నాయి.
తోడిలో గాంధారం నాకు లొంగదు.
పొద్దున్నించీ అదే, అదొక్కటే.
మాస్టారు పొడుం డబ్బా మూత పెట్టి
కిటికీలోంచి వీధిలోకి చూస్తూ,
"మీ తాత నరం లాగేవాడు చూడూ,
అలా లాగు" అన్నారు.

ఎప్పుడు విన్నారో చెప్పలేదు,
ఏ జాతరలో ఏ అరుగు పక్కన నిలబడ్డారో.
తొమ్మిదేళ్ళూ ఆ వేలి కాయని
మనసులో పెట్టుకునే ఉన్నారా?
నేనడగలేదు.
లాగాను.
కింద కుట్టుమిషను ఆగింది.

అప్పటికి తాత పోయి రెండేళ్ళు.
అటక మీది జముకు తోలు ఎలకలు తినేశాయి.
నరం మాత్రం చుట్టచుట్టి
అమ్మ పసుపు డబ్బాలో దాచింది.
ఇప్పటికీ ఆ పసుపుతో కూర వండదు.

నా దగ్గరకి పద్నాలుగు మంది వస్తారు.
ఒకడు ఏసీ కారులోంచి బద్ధకంగా దిగుతాడు.
ఒకత్తిని, రేజేటి హాసినిని,
చేపలబుట్ట నెత్తిన ఉండగానే వాళ్ళమ్మ దింపి
బేరాలకి పోతుంది.
అందరి వేళ్ళూ పట్టుకుని చూస్తాను.
ఎవరు నేర్పారని మాత్రం అడగను.
ఏం చెబుతారో నాకు తెలుసు.

ఏడో గడిలో మిగిలిన జాగాలో
చీమ తలకాయంత అక్షరాలతో మొదలెట్టాను:
జముకు, జమ్మాన అప్పలసూరి వద్ద, ఆరో ఏట నుంచి...
పట్టలేదు.
ఎన్నేళ్ళన్నది గీత దాటి
పక్క గడిలోకి పోయింది.
అక్కడ అచ్చులో ఉంది:
ఆఫీసు వాడకానికి మాత్రమే.

వాడుకోనీ.