రెండు వేళ్ల ఆకాశం

షార్జా, పదమూడో ఇండస్ట్రియల్ ఏరియా.
"కాగితం నూటికి నూరుపాళ్లు పత్తి మేడం,
రంగు నూరేండ్లు దిగదు" అంటడు సేటు.
నా వీసా రెండేండ్లు.

తెల్ల గ్లౌజు తీసి ఒక్కపారి ముట్టిన.
పత్తే.
కాయ మొన గీసిన గీత
బొటనవేలు మీద ఇంక మాయలే.

బొమ్మల గడ్డివాములు,
ఎవరో ఎన్నడో పొద్దుగూకంగ గీసినయి.
"ఏందిది?" అన్నడు పెషావర్ గుల్జమాన్.
"గడ్డి."
"గడ్డికి ఎనిమిదివందల దిర్హాములా!"
నవ్వి నవ్వి
తుడిచిన అద్దం మళ్ల తుడిచినం.

ఫ్రేములకు మించిన అంచు కోసిన,
రెండు వేళ్ల ఆకాశం.
చెత్తల వెయ్యబుద్ధి గాలే.
క్యాంపుల పై బంకు అడుగున అతికిచ్చిన,
పండుకుంటె మొఖానికి జానెడు దూరం.

ఆమె గోడ మీద
నూరేండ్లు పొద్దుగూకుతనే ఉంటది.
నాకాడ,
రాత్రి షిఫ్టోడు వచ్చి లైటేస్తె
తెల్లారుతది.