నిమిషాల గడి

శుక్రవారం స్త్రీల కూడికకి
పాస్టరమ్మగారు కొత్త నోటుపుస్తకం తెచ్చారు.
స్కేలు పెట్టి కొట్టిన గీతలు:
పేరు, తేదీ, ప్రార్థన చేసిన నిమిషాలు.
రత్నకుమారి అరవై వేసింది.
వాళ్లత్త సంతోషమ్మ తొంభై అంది,
చెయ్యి వణకతంటే కోడలే రాసిపెట్టింది.
పెన్ను నా కాడికొచ్చి ఆగింది.

యాడనుంచి లెక్కపెట్టనమ్మగారూ?

నాలుగున్నరకి బోరు కింద బిందె పెట్టి
అది నిండేలోపు కళ్లు మూసుకుంటా.
"తండ్రీ" అంటానా,
"ఏమే, పొర్లిపోతంది, కనపడలా?" అంటది వెనక బిందె.
ఆ ఒక్క మాటని
నిమిషం కింద వెయ్యనా, అర నిమిషమా?

ఆలకూరపాడు నుంచి టంగుటూరుకి
ఆటోలో పదమూడుమందిమి.
ఒకళ్ల ఒళ్లో ఒకళ్లం,
మోకాళ్లు కదపటానికే చోటు లేదు, ఇంక మోకరించేదెట్టా?
రైలుగేటు పడితే
గూడ్సు పెట్టెలు లెక్కపెడతారు కుర్రపిల్లలు.
నేను నావాళ్లని లెక్కపెడతా.
పెద్దది షారోను, కందుకూరు హాస్టల్లో.
ఇమ్మానుయేలు, లెక్కల్లో తప్పినోడు.
చిన్నోడు, ఇంకా పక్క తడుపుతాడు.
మళ్లీ మొదటినుంచి.
బండి వెళ్లిపోద్ది, గేటు లేస్తది,
నా లెక్క తెగదు.

కంపెనీలో మాట్లాడకూడదు.
మేస్త్రీ వీపు తిప్పుతాడు గానీ చెవులు తిప్పడు.
ఆకు తీసి, వెలుతురుకి పట్టి,
పసుపుది ఇటు, మచ్చది అటు,
పచ్చి చావనిది ఒళ్లో.
ఘాటుకి అందరి కళ్లూ కారతానే ఉంటాయి,
ఏడ్చినా ఎవరికీ తెలీదు. అదొక సుఖం.
షారోనుకి టైఫాయిడ్ వచ్చిన నెల
ఎన్ని చెక్కుల ఆకు మీద దాని పేరు చెప్పానో
వేలంలో పాడుకున్నోళ్లకి తెలీదు.
ఆ ఆకు ఏ దేశం పోయిందో,
ఎవడి వేళ్ల సందున కాలిందో.

దాచుకోను, ఒక యేడు చెయ్యలేదు నేను.
ఇమ్మానుయేలు తర్వాత ఆడపిల్ల,
పేరు పెట్టకముందే పోయింది.
గుడికొచ్చా, ముసుగేసుకున్నా, పెదాలాడించా,
అంతే.
ఏమయిందంటారా, ఏమీ కాలా.
అన్నం ఉడికింది. ఆటో వచ్చింది.
వారం కాగానే కూలి డబ్బులూ వచ్చినయి.
కాకపోతే లోపలున్న భయం
దించుకునే చోటు లేక
అరుపయి బయటికొచ్చేది.
గిన్నె జారినా అరుపే, పలక పగిలినా అరుపే.
ఒక రాత్రి పిల్లోడి తల నిమురుదామని చెయ్యి చాపితే
నిద్రలోనే
మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

అది చూసి మొదలుపెట్టానమ్మా మళ్లీ.
దేవుడి మీద కోపం పోయి కాదు,
అది ఇప్పటికీ కొంచెం ఉంది, ఆయనకీ తెలుసు.
వాడు ఆ మోచెయ్యి దించాలని.
అరవాల్సిందేదో పైకి అరిచి
మిగిలిన గొంతుతో ఇంట్లో మాట్లాడదామని.
దించటానికి వాడికి రెండు వానాకాలాలు పట్టింది.

ఇప్పుడు రోజూ దీపం ఆర్పినాక
తలల మీద చెయ్యి తిప్పుతా.
షారోను తల లేదుగా, దాని దిండు మీద పెడతా.
చింతపండేసి రుద్దినా పోదు
వేళ్లకంటిన పొగాకు బంక.
మొన్న చిన్నోడు దొంగనిద్రలోంచి
"అమ్మా, చేదు వాసన" అన్నాడు.
తీసెయ్యబోతే
నా చెయ్యి రెండు చేతులా పట్టుకుని
"ఏం అడిగా?" అన్నాడు.
"ఏమీ అడగలా. మీ పేర్లు చెప్పా."
"ఆయనకి తెలీదా మా పేర్లు?"
నేను జవాబు వెతుక్కునేలోపు
వాడు నిజంగానే నిద్రపోయాడు.

ఇదంతా ఆ గడిలో పట్టదుగా.
రత్నకుమారి గిల్లింది,
"ఏదో ఒకటి వెయ్యి వదినా, అవతల కాఫీ చల్లారతంది."
ఐదు అని వేశా.
అబద్ధమే.
ఎక్కువ చెప్పానో తక్కువ చెప్పానో
ఆయనే సరిచేసుకుంటాడు.