గాలివారం

నావెల్ మా అక్క కొడుకు. పందొమ్మిదేళ్ళు.
గొడుగు ఊచలు వేలాడే గోడ మీద
వాడో కాగితం అంటించాడు:
సోమవారం, విరిగిన గొడుగూ బాగైన గొడుగూ పక్కపక్కన.
బుధవారం, పనిలో ఉన్న నా చేతులు.
శుక్రవారం, నా మొహం.

మొహమెందుకురా?
జనం గొడుగుని నమ్మరు పిన్నీ,
మొహాన్ని నమ్ముతారు.

వాల్దీవియాలో ముప్పై ఏళ్ళుగా
తల వంచుకునే కూర్చున్నాను.
ఈ ఊళ్ళో చాలామందికి నా పాపిడి తెలుసు,
ముక్కు తెలీదు.

మొదటి మూడు సెకన్లలో పట్టుకోవాలట,
లేకపోతే బొటనవేలు జారిపోతుందట.
ఒక్క ఊచకి రివెట్టు కొట్టడానికే
నాకు నాలుగు నిమిషాలు.

ఫిబ్రవరి. చుక్క వాన లేదు.
కాయె-కాయె నది ఎండలో
ఆరేసిన గుడ్డలా పడి ఉంది.
కాగితం చెప్పినట్టే అన్నీ పెట్టాను.
పదకొండు లైకులు.
నాలుగు మా చుట్టాలవి.
ఒకటి నాదే, వేలు తగిలి పడింది.

మార్చిలో ఒకరోజు
చేపల బజారు వెనక రేవు దగ్గర
పసుపు గొడుగు తెరిచి చూస్తున్నానా,
మెట్ల మీది సముద్రసింహం నన్ను చూసి
ఇంత నోరు తెరిచి ఆవలించింది.
నావెల్ ఫోను అప్పటికే పైకి లేచి ఉంది.

నలభై వేలమంది చూశారు.
ఇస్తాంబుల్లో ఎవరో నవ్వారు,
మనీలాలో ఎవరో గుండె బొమ్మ పెట్టారు.
వారం రోజులు వాడి కాళ్ళు నేల మీద లేవు.
కొండంత చూపు, గోరంత బేరం.
గోరంత కూడా కాదు:
కొట్టుకి వచ్చింది ఒక్కడే,
ఆ జంతువు ఏ మెట్టు మీద కూర్చుంటుందని
అడిగి వెళ్ళాడు.
పుట్టిందే తడవడానికైన దాన్ని పట్టుకుని
గొడుగులు అమ్ముకుందామనుకున్నాం మేము.

ఏప్రిల్లో వాడికి చెప్పకుండా ఒకటి పెట్టాను.
ఎవరో ఇచ్చి, తీసుకెళ్ళని గొడుగు.
నల్లది. చెర్రీ కర్ర పిడి. పిడి మీద పంటిగాటు.
చీటీ మీద పేరు చెమ్మకి చెదిరిపోయింది.
తొమ్మిదేళ్ళుగా నా దగ్గరే ఉంది, పారేయలేదు.
అంతే రాశాను.
మూడు లైకులు.
దీంట్లో హుక్కు లేదు పిన్నీ, అన్నాడు.
ఉందిరా, పిడి చూడు, అన్నాను.
వాడు నవ్వలేదు.

జూన్‌లో ఒక రాత్రి ఉత్తరపు గాలి
రేకులు పీకింది, కరెంటు పీకింది,
వంతెన మీద ఎవరి చేతిలోని గొడుగునీ
గొడుగులా ఉండనివ్వలేదు.
తెల్లారకముందే, స్టవ్ మీద మాతేకి నీళ్ళు కాగుతుంటే,
ఏ వారమో చూసుకోకుండా,
ఫోటో కూడా లేకుండా రాశాను:
విరిగినవి పారేయకండి.
తొమ్మిదింటికి తలుపు తీస్తాను.
ఊచకి వెయ్యి పేసోలు.

తొమ్మిదింటికి వీధి చివరిదాకా వరస.
చచ్చిన కాకుల్ని రెక్క పట్టుకు తెచ్చినట్టు
తలా ఒకటి పట్టుకొచ్చారు.
వరసలో ఆఖరున
చేతిలో ఏమీ లేకుండా, తడిసి ముద్దై, ఒకావిడ.
నల్లది, అంది. చెర్రీ పిడి.
పంటిగాటు మా తమ్ముడిది.

ఎప్పుడు చూశారమ్మా?
ఏప్రిల్లోనే.
ఆ మూడు లైకుల్లో ఈవిడ లేదు.
నొక్కబుద్ధి కాలేదు, అంది.
తమ్ముడి గురించి నేనడగలేదు.
పాత ధర ప్రకారం డబ్బులు తీసుకున్నాను,
పని పనే.
ఆవిడ బయటికి వెళ్ళి గొడుగు తెరవలేదు.
చంకలో పెట్టుకుని
వానలోనే నడిచిపోయింది.

ఆ రాత్రి నావెల్ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు.
వెళ్ళినవాళ్ళని లెక్కపెట్టే పట్టీ
మా ఇద్దరి దగ్గరా ఉంది,
చూసి ఊరుకున్నవాళ్ళని లెక్కపెట్టేది
ఎవరి దగ్గర ఉంటుంది?
వాడు పెన్ను తీసి
ఏడు గడుల పక్కన ఎనిమిదోది గీశాడు.
దాని నెత్తిన రాశాడు: గాలివారం.

సోమవారం కొట్టేశాడు. బుధవారం కొట్టేశాడు.
శుక్రవారం జోలికి మాత్రం పోలేదు.

రేపు శుక్రవారమే.
తల దువ్వుకోవాలి.