నీళ్లు యాడిదాకా వచ్చినాయి

పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా
నాది జిరాక్సు అంగడి.
ఊరోళ్ల షుగర్లూ కిడ్నీలూ గర్భసంచులూ
గాజుపలక మీద బోర్లా పడుకుంటాయి.
పచ్చటి వెలుతురు ఒకసారి కిందుగా పోతాది.
రెండు రూపాయలు.
నేను చదవను. కండ్లు చదువుతాయి.

నా కాగితం మాత్రం కాపీ తీయలేదు.
మడిచి మడిచి, గ్యాసు బుక్కులో పెట్టి
చీరల కింద తోసినా.

ఇరవై మూడో నంబరు గది.
బోర్డు మీద సురక్ష అని రాసింటారు.
లైన్లో నిలబడినోళ్లు పాత పేరే అంటారు:
సుఖవ్యాధుల గది.
ఎవడు పెట్టినాడో ఈ పేరు.
ఏడేండ్ల కాపురంలో
సుఖం వచ్చిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెడితే
ఒక చెయ్యి మిగిలిపోతాది.
వ్యాధి మాత్రం అడక్కుండానే వచ్చింది.

డాక్టరమ్మ తల ఎత్తకుండా రాస్తానే చెప్పింది:
"హెర్పిస్. సచ్చేంత జబ్బు కాదు, పూర్తిగా పోయేదీ కాదు.
నరాల్లో పండుకోని ఉంటాది, అప్పుడప్పుడు లేస్తాది.
మళ్లా ఎవరితోనైనా..."
నా బోసి మెడ చూసి ఆగి,
"ఉండేటట్టయితే ముందే చెప్పు."

ముందే అంటే ఎంత ముందు తల్లీ?
టీ తాగకముందా?
నా ఫోన్లో 'మద్దిలేటి కరెంటు'
ఉత్త 'మద్దిలేటి' కాకముందా?
బైకు మీద వాని భుజం పట్టుకోకముందా,
పట్టుకోని, స్పీడు బ్రేకరు దాటినా
చెయ్యి తీయని తర్వాతనా?

ఆదోని ఆయప్పకు చెప్పినా ఒకసారి.
ఫోన్లోనే. మంచోడే.
అయ్యో అన్నాడు. దేవుడున్నాడు అన్నాడు.
నాలుగో దినం మా పిన్నమ్మ ఫోన్ చేసి
"నీకేందో అంట గదమ్మే" అనింది.
ఆపొద్దు కాగితం ఇరుక్కుంటే
మిషను కడుపులో చెయ్యి పెట్టి
శానాసేపు తీయలేదు.

మద్దిలేటి మీటర్లు చూసేవాడు.
గడప దాటకుండా
ఇంట్లో ఎంత కాలిందో చెప్తాడు.
ఆదివారం సాయంత్రం హంద్రి వంతెన కాడ
ఉగ్గాని బజ్జీ తింటాంటిమి.
కింద ముళ్లకంప, ఇసుక, ఒక పంది.
"ఇది ఏరంటే ఎవరన్నా నమ్ముతారా" అన్నాడు.

నేనన్నా:
"మా అంగడి గోడకు, నా తలకాయ కన్నా మూరెడు పైన
తొమ్మిదిలో వచ్చిన వరద గీత ఉంది.
ఓనరు మూడుసార్లు సున్నం కొట్టించినాడు.
చెమ్మ పట్టిన దినం మళ్లా కనపడతాది.
బాడిగకు వచ్చినపొద్దు నేను మొదట అడిగింది అదే,
నీళ్లు యాడిదాకా వచ్చినాయని.
ఆయప్ప దాచలేదు. చెయ్యెత్తి చూపించినాడు.
అందుకే దిగినా."

నవ్వినాడు. "ఇప్పుడెందుకది?"

ఇప్పుడెందుకంటే.
చేతిలో మిరపకాయ బజ్జీ సల్లారింది.
చెప్పినా. పేరు చెప్పినా. మూడేండ్లని చెప్పినా.
మాత్రలున్నాయి, జాగ్రత్తలున్నాయి,
అయినా నీకు రాదని రాసియ్యలేనని కూడా చెప్పినా.
వంతెన మీద లారీ పోయింది.
ఎర్రగడ్డల వాసన.
వాడు ప్లేటు కింద పెట్టి
"ఇంటికాడ దింపుతా పా" అన్నాడు.
దారి పొడుగునా
నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి.

తొమ్మిది దినాలు.
ముందుది వెనక, వెనకది ముందర తీసి
పారేసిన కాపీలు ఒక అట్టపెట్టెడు.

పదో దినం మీటరు చూసే దినం కాదు.
అంగడి ముందర నిలబడి జేబు తడుముకుంటా
"ఆ ఇరవై మూడో నంబరు ఎప్పుడెప్పుడు తెరుస్తారు?" అన్నాడు.
"నీకెందుకు?"
"నాకేముందో ఎవరు చూసినారు?
నేనేమన్నా నిన్న పుట్టినానా?"

సరే అనలేదు వాడు. వద్దనీ అనలేదు.
మంగళవారం, శుక్రవారం, పన్నెండు లోపల, చెప్పినా.
ఆధార్ జిరాక్సు అడుగుతారని చెప్పినా.
కార్డు గాజు మీద బోర్లా పెట్టినా.
పచ్చ వెలుతురు కిందుగా పోయింది.
రెండు రూపాయలు.
చిల్లర లేదంట.
శుక్రవారం ఇస్తానన్నాడు.